నెట్‌లో చాకిరీ చాలు, స్కోరుబుక్కులో పేరు కావాలె

(అమీర్‌పేట, పంజగుట్ట బస్తీల యువకుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



క్రికెట్ మీద సభ పెడుతున్నామంటే మన కార్యకర్తలే కొందరు నవ్వారు. భూమి సమస్య ఉంది, హాస్టళ్ల సమస్య ఉంది, స్కాలర్‌షిప్పులు రావటం లేదు, ఇప్పుడు బంతాట మీద సభ ఏందని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. బడి, బావి, గుడి, ఆఫీసు మాదిరిగానే మైదానానికి కూడా ఒక గేటు ఉంది. ఆ గేటు దగ్గర ఎవరు లోపలికి పోతున్నారు, ఎవరు బయట ఉంటున్నారు అని అడగటం మన ఉద్యమం పనే. అందుకే ఈ సభ.

ఇక్కడ కూచున్న పిల్లల్లో ఎక్కువ మంది బౌలర్లే. ఎందుకని? బ్యాటుకు పైసలు కావాలె. ప్యాడ్లకు, గ్లౌజులకు, హెల్మెట్‌కు పైసలు కావాలె. బంతి వెయ్యటానికి మటుకు చెయ్యి చాలు. మనకున్నది చెయ్యి ఒక్కటే.

ఆ చెయ్యి ఎక్కడ పనికొస్తున్నదో చూద్దాం. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సుల బోర్డులు పెట్టటానికి గోడలు చాలటం లేదు. ఆ పిల్లలుండే హాస్టళ్లలో వండేదీ, గిన్నెలు కడిగేదీ, ఊడ్చేదీ చానా వరకు మన తల్లులే. మన పిల్లలు ఆడుకునే జాగ మాత్రం ఏడాదికేడాది తగ్గిపోతున్నది. ఆదివారం పొద్దున సందుల్లో, బడి ఆవరణలో, మూసిన దుకాణాల ముందు టెన్నిస్ బంతితో ఆడుకోవాలె. వల కట్టి గంటకింత అని కిరాయి తీసుకునే బాక్స్ క్రికెట్ వచ్చింది గాని ఆ కిరాయి మనకు అందేది కాదు.

ఇదే పంజగుట్ట చౌరస్తాలో 2019 ఏప్రిల్‌లో, జయంతి రోజుల్లోనే, బాబాసాహెబ్ విగ్రహాన్ని తీసేశారు. అది జవహర్‌నగర్ చెత్త యార్డులో తేలింది. మీలో చానామందికి ఆ రోజులు యాదికి ఉంటయి. చౌరస్తాలో విగ్రహం నిలవటానికే ఇంత కొట్లాట అయితే, మన పిల్లలకు 22 గజాల పిచ్ ఎవరు పిలిచి ఇస్తారు?

ఇంకొందరు పిల్లలు అకాడమీలకు నెట్ బౌలింగ్‌కు పోతున్నారు. అక్కడేం జరుగుతుందో వాళ్లనే అడిగి తెలుసుకున్నాం. ఫీజు కట్టిన పిల్లవాడు బ్యాటు పట్టుకొని నిలబడతాడు. మనవాడు రెండు గంటలు ఉరికి ఉరికి బంతి వేస్తాడు. టిఫిన్ పెడతారు, బస్సు కిరాయి ఇస్తారు. స్టంపు ఎగిరిందనుకోండి, ఏమవుతుంది? ఏమీ కాదు. స్టంపు మళ్లీ పాతి, మళ్లీ వెయ్యి అంటారు. నెట్‌లో వికెట్ లెక్క రాదు. బౌలర్ పేరు ఎవరూ రాయరు. చీకటి పడ్డాక బాగుపడింది అవతలివాడి బ్యాటు, నొప్పి పుట్టింది మనవాడి భుజం.

మన ఊళ్లలో దీనికొక పేరుంది. వెట్టి. డప్పు కొట్టినా, చెప్పు కుట్టినా, కబురు మోసినా పని మనది, పేరు దొరది. నెట్ బౌలింగ్ పనికిరాదని మేం అనటం లేదు. అది నేర్చుకునే జాగ. కాని అక్కడే ఆగిపోతే అది కొత్తరకం వెట్టి.

ఈ కథకు నూరేండ్ల కంటె ఎక్కువ వయసుంది. పాల్వంకర్ బాలూ అనే బౌలర్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో మేం ఎన్నడూ చూడలేదు. 1876లో ధార్వాడలో పుట్టాడు. చమార్ కులం, అంటే మన దగ్గర మాదిగలు చేసే తోలుపని చేసిన కులం. తండ్రి సైన్యంలో చిన్న కొలువు చేసేవాడు. పూనాలో మొదట పార్సీల క్లబ్బులో పిచ్ ఊడ్వటం, రోలర్ లాగటం బాలూ పని. జీతం నెలకు 3 రూపాయలు. తర్వాత తెల్లదొరల పూనా క్లబ్బులో 4 రూపాయలు. అక్కడ వల కట్టటం, పిచ్ చెయ్యటం, దొరలకు బంతులు వెయ్యటం. గ్రెగ్ అనే పేరున్న బ్యాట్స్‌మన్ ప్రాక్టీసు కోసం గంటల కొద్దీ బాలూతో వేయించుకునేవాడు. తనను ఔట్ చేసిన ప్రతిసారీ ఎనిమిదణాలు ఇచ్చేవాడని చెప్తారు. అట్ల ఏండ్ల తరబడి వేసి వేసి ఆ ఎడమచెయ్యి దేశంలోనే గొప్ప స్పిన్ బౌలింగ్ నేర్చింది. కాని ఆ క్లబ్బులో బాలూ చేతికి బ్యాటు ఒక్కనాడూ ఇయ్యలేదు.

పూనాలో హిందువుల జట్టుకు తెల్లజట్టును ఓడించాలని కోరిక. ఓడించగల బౌలరేమో అంటరానివాడు. మాట్లాడుకొని మాట్లాడుకొని చివరికి తీసుకున్నారు. మైదానంలో బాలూ వేసిన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ తాగే వేళకు మాత్రం బాలూ పెవిలియన్ బయట, మట్టి ముంతలో తాగాలె. అన్నం వేరే దగ్గర. బంతికి మైల లేదు గాని మనిషికి ఉంది!

1911లో భారత జట్టు ఇంగ్లాండు పోయింది. మహారాజా పాటియాలా కెప్టెన్. ఆ పర్యటనలో బాలూ 114 వికెట్లు తీశాడు, సగటు 18.84. అంత చేసినా హిందూ జట్టుకు అతన్ని కెప్టెన్ చెయ్యలేదు. 1920లో అన్నకు జరిగిన అన్యాయానికి నిరసనగా తమ్ముళ్లు విఠల్, శివరాం ఆడబోమని బాహాటంగా ప్రకటించి జట్టు నుంచి తప్పుకున్నారు. ఆ ఒత్తిడికి బాలూను వైస్ కెప్టెన్ చేశారు. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. అన్నదమ్ములు కలిసి నిలబడి, మా ఆట కావాలంటే మా మర్యాద కూడా కావాలె అని తీసుకున్నది.

ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలె. ఇదే బాలూ 1932లో పూనా ఒడంబడిక నాడు బాబాసాహెబ్ పక్షాన నిలవలేదు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున బాబాసాహెబ్ మీదే పోటీ చేసి ఓడిపోయాడు. మన బిడ్డ పైకి పోతే ఎవరి పక్కకు పోతాడు అనే ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. సంఘం వెనక లేకుండా ఒక్కడే పైకి పోతే, పైనున్నవాళ్లే వాడికి సంఘం అవుతారు. బాలూను తిట్టటం కాదు, ఇది నేర్చుకోవటం ముఖ్యం.

అదంతా పాత కాలం అంటారేమో. ఇప్పటిది చూడండి. తమిళనాడు సేలం జిల్లా చిన్నప్పంపట్టి ఊరి నటరాజన్, పేదింటి పిల్లవాడు, టెన్నిస్ బంతితో పెరిగాడు. 2020లో ఆస్ట్రేలియాకు నెట్ బౌలర్‌గా తీసుకుపోయారు. జట్టులో వాళ్లకు దెబ్బలు తగిలితే ఆ ఒక్క పర్యటనలోనే వన్డే, టీ-20, టెస్టు మూడూ ఆడాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లోనే 3 వికెట్లు. నెట్‌కూ మ్యాచ్‌కూ మధ్య ఉన్నది ప్రతిభలో తేడా కాదు, అవకాశంలో తేడా.

మన హైదరాబాద్ మహ్మద్ సిరాజ్ తండ్రి ఆటో నడిపాడు. సిరాజ్ కూడా టెన్నిస్ బంతి పిల్లవాడే. లీగ్ క్రికెట్లోకి వచ్చాకే అతని పేరు బయటపడ్డది. 2015లో రంజీ జట్టులోకి వచ్చాడు, 2016-17 సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. ఆడపిల్లల సంగతి చెప్పకుంటే సభ సగమే అవుతుంది. భద్రాచలం నుంచి వచ్చిన గొంగడి త్రిష 2025 ఫిబ్రవరిలో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్‌లో 15 పరుగులకే 3 వికెట్లు తీసి, తర్వాత 44 పరుగులు చేసి ఔట్ కాకుండా నిలిచింది. టోర్నమెంటుకే ఉత్తమ క్రీడాకారిణి. బిడ్డ ఆట కోసం తండ్రి భద్రాచలం విడిచి సికింద్రాబాద్ వచ్చాడు. మన ఇండ్లలో ఆడపిల్ల చేతికి బంతి ఇచ్చేవాళ్లు ఎంతమంది? ఇక్కడ ముందు వరుసలో ఎంతమంది ఆడపిల్లలున్నారో మీరే లెక్కపెట్టండి.

మరి మనం చెయ్యవలసిందేంటి?

ఒకటి. నాకౌట్ టోర్నమెంట్లతో తృప్తిపడొద్దు. సంక్రాంతికో దసరాకో ఎవరో నాయకుడు తన తండ్రి పేరు మీద కప్పు పెడతాడు. ఆరు జట్లొస్తే ఐదు మ్యాచ్‌లతో అయిపోతుంది. మొదటి మ్యాచ్ ఓడిన జట్టు బౌలర్ 4 ఓవర్లు వేసి ఇంటికి పోవాలె. అదే లీగ్ పెట్టుకుంటే ఆరు జట్లకు మొత్తం 15 మ్యాచ్‌లు. ఆదివారానికి మూడు చొప్పున ఐదు ఆదివారాలు. ఓడినా గెలిచినా ప్రతి జట్టు ఐదు మ్యాచ్‌లు ఆడుతుంది. బౌలర్ 20 ఓవర్లు వేస్తాడు. మొదటివారం చేసిన తప్పు రెండోవారం దిద్దుకుంటాడు. మన అమీర్‌పేట, పంజగుట్ట బస్తీలు ఆరు కలిస్తే ఈ లీగ్ మనమే పెట్టుకోవచ్చు. సెలవు రోజుల్లో సర్కారు బడి మైదానం అడుగుదాం. దరఖాస్తు మేం రాస్తాం, సంతకాలు మీరు పెట్టండి.

రెండు. స్కోరుబుక్కు రాయాలె. ఎవరు ఎన్ని ఓవర్లు వేశారు, ఎన్ని పరుగులిచ్చారు, ఎన్ని వికెట్లు తీశారు అన్నీ. కూలికి పోయిన పేరు మస్టరులో లేకుంటే కూలి రాదు. ఆట కూడా అంతే. చదువుకున్న అక్కలు, తమ్ముళ్లు ఈ పని పట్టుకోవాలె. రేపు ఒక క్లబ్బు దగ్గరకు పోయినప్పుడు "మావాడు బాగా వేస్తాడు" అనే మాట కంటె ఐదు మ్యాచ్‌ల లెక్క ఎక్కువ చెప్తుంది.

మూడు. పుట్టిన తేదీ. టీచర్లుగా ఇది మాకు బాగా తెలుసు. బడిలో చేర్చేటప్పుడు తల్లిదండ్రులకు తేదీ తెలియకుంటే, పిల్లవాణ్ణి చూసి అందాజాగా జూన్ నెల తేదీ వేసే అలవాటుంది. అండర్-16 సెలెక్షన్ దగ్గర ఆ తేదీ మన మెడకు చుట్టుకుంటుంది. ఎముకల పరీక్ష చేస్తారు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు మూడింట్లో ఒకే తేదీ ఉండేటట్టు ఇప్పుడే చూసుకోండి.

నాలుగు. తోలు బంతికి మారాలె. టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు. తోలు బంతి 156 నుంచి 163 గ్రాములు. పట్టు వేరు, సీమ్ వేరు, భుజం మీద పడే బరువు వేరు. గల్లీలో చెయ్యి వంచి విసిరితే ఎవరూ అడగరు, లీగ్‌లో అంపైర్ నోబాల్ అంటాడు. మెల్లగా, రోజుకు కొన్ని ఓవర్లతో మొదలు పెట్టాలె. హెల్మెట్, ప్యాడ్లు లేకుండా తోలు బంతి ఆడొద్దు. బస్తీకి ఒక కిట్ చందాలతో కొందాం. ఆ బంతి తోలు ఊనింది, కోసింది, కుట్టింది ఎవరు? మీరట్, జలంధర్ పట్టణాల్లో ఆ పనిచేసే చేతులు చానా వరకు మన కులాలవే. బంతి చేసినవాళ్లకు బంతి వేసే హక్కు లేదా?

ఐదు. పెద్ద లీగ్ తలుపు. హైదరాబాద్ క్రికెట్ సంఘం లీగుల్లో ఆడాలంటే ఏదో ఒక క్లబ్బు పేరు మీదే ఆడాలె. ఆ క్లబ్బులు ఎవరి చేతుల్లో ఉన్నయి? సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ లావు నాగేశ్వరరావు ఏకసభ్య కమిటీ 2023లో, కొద్దిమంది చేతుల్లోనే ఒకటికి మించి క్లబ్బులున్నాయని 57 క్లబ్బుల మీద చర్య తీసుకుంది. అంటే గేటు కాడ కావలి ఎవరిదో కోర్టు దాకా తేలింది. కాబట్టి జట్టులో పెడతాం పైసలు తెమ్మనే బ్రోకర్లకు ఒక్క రూపాయి ఇయ్యొద్దు. ఎవరన్నా ఫీజు అంటే రసీదు అడగండి. ఒక్కడిగా పోవద్దు, సంఘంగా పోదాం. బడి పిల్లలకైతే స్కూల్ గేమ్స్ దారి ఉంది. మండలం, జిల్లా, రాష్ట్రం వరుసన పోతుంది. గురుకుల పిల్లలు, ఊళ్ల పిల్లలు ఆ దారి విడవొద్దు.

చివరికి తల్లిదండ్రులకు ఒక మాట. ఆడే ప్రతి పిల్లవాడూ సిరాజ్ కాడు. ఆ ఆశ పెట్టి మిమ్మల్ని మోసం చెయ్యం. చదువు మానిపించి ఆడించొద్దు. కాని ఐదు ఆదివారాలు ఒక లెక్క ప్రకారం ఆడినవాడు, అంపైర్ మాట విన్నవాడు, తన పేరు కాగితం మీద చూసుకున్నవాడు, రేపు కూలికాడ, ఆఫీసుకాడ తన లెక్క తాను అడుగుతాడు. మాకు కావలసింది అది.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి ప్రతి బస్తీ నుంచి ఇద్దరు ఇక్కడికి రండి. ఒకరు ఆడేవాళ్లు, ఒకరు రాసేవాళ్లు. జట్ల పేర్లు అప్పుడే రాసుకుందాం.

జై భీమ్!