మార్ఫిన్ చీటీ



యువ డాక్టర్లకు ఇవాళ ఒక్క మందు గురించే చెబుతాను. మార్ఫిన్. పరీక్షలో మీరంతా దాని గురించి రాశారు. వార్డులో రోగికి ఎంతమంది రాశారు?

మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తున్నాం. అయినా క్యాన్సర్ ఎముకలకు పాకిన మనిషి నడుం వాల్చలేక, మంచం పట్టె పట్టుకుని రాత్రంతా కూర్చునే ఉంటున్నాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కులకు జడిసి చాలా ఆసుపత్రులు ఈ మందు తెప్పించడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. భయం మాత్రం పోలేదు.

"మార్ఫిన్ ఇస్తున్నారంటే ఇక అయిపోయినట్టేనా డాక్టరు గారూ?" అని ఓ కొడుకు మిమ్మల్ని వరండాలోకి పిలిచి అడుగుతాడు. కాదని చెప్పండి. నెలల తరబడి వాడుతూ తమ పనులు తాము చేసుకునేవాళ్లున్నారని చెప్పండి. తర్వాత ఆయన పక్కన కూర్చుని తెలుగులో రాసివ్వండి: మామూలు మాత్రయితే నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా. మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా ఎంత వేయాలో కూడా. వికారం, మగత కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి, మలబద్ధకం సర్దుకోదు. అందుకే విరేచనం మందు మొదటి రోజు నుంచే రాయాలి. మాత్రలు బీరువాలో, తాళం వేసి.

కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడకుండా మోతాదు నిర్ణయించకండి. అవి దెబ్బతింటే మందు అవశేషాలు ఒంట్లో పేరుకుపోతాయి. నిద్రమాత్రలు, మద్యం తోడైతే ఊపిరి మందగిస్తుంది. పిలిచినా లేవని మగత, నెమ్మదించిన శ్వాస కనిపిస్తే ఇవ్వడానికి విరుగుడు మందు నాలోక్సోన్ అందుబాటులో ఉండాలి.

అమెరికాలో 1996లో మార్ఫిన్ లాంటి నొప్పి మాత్ర ఆక్సీకాంటిన్ వచ్చింది. వ్యసనం అరుదని కంపెనీ నమ్మబలికితే, డాక్టర్లు దీర్ఘకాలిక నడుం నొప్పులకు సైతం విచ్చలవిడిగా రాశారు. ఎన్నో కుటుంబాలు కూలిపోయాయి. అది చూపించి మన క్యాన్సర్ రోగికి మందు నిరాకరించడం అన్యాయం. వాళ్లు ఎవరికి, ఎన్నాళ్లు అని అడగకుండా రాశారు. మనం అడిగి, వారం వారం చూసి, మార్చి రాద్దాం. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన నొప్పి నివారణ క్లినిక్ అది సాధ్యమేనని చూపించింది. మన హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఉపశమన వైద్యం జరుగుతోంది.

మీలో కొందరు జిల్లా ఆసుపత్రుల్లో చేరతారు. మొదటి వారంలోనే ఫార్మసీకి వెళ్లి మార్ఫిన్ మాత్రలున్నాయా అని అడగండి. లేవంటే సూపరింటెండెంట్ గారిని కలవండి. మార్ఫిన్ తెప్పించుకునేందుకు ఆసుపత్రికి గుర్తింపు కోసం డ్రగ్స్ కంట్రోలర్‌కు దరఖాస్తు పెట్టాలి, నొప్పి నివారణలో శిక్షణ పొందిన డాక్టరు ఒకరుండాలి. ఆ శిక్షణకు మీ పేరే ఇవ్వండి.