చిన్న ట్రాక్టరుకు తగిన ట్రక్కు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద ట్రాక్టరు ట్రక్కు గురించి చెప్పమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. కారణం లేకపోలేదు. మనలో చాలామంది పదవీ విరమణ తరువాత ఊళ్ళకు చేరి కొబ్బరి, కోకో, మామిడి, ఆయిల్ పామ్ తోటలు చూసుకుంటున్నారు. గ్రాట్యుటీ డబ్బు చేతికి రాగానే మొదట కొనేది ఒక చిన్న ట్రాక్టరు. దాని గురించి పది మందిని అడుగుతాం, మూడు షోరూములు తిరుగుతాం. వెనక తగిలించే ట్రక్కు మాత్రం ఎవరో ఎక్కడో అమ్ముతున్నారని తెలిస్తే మర్నాడే తోలుకొచ్చేస్తాం. ఈ ఏడాదిలోనే నలుగురు సభ్యులు నాకు ఫోను చేసి, "ఏమండీ, పాత ట్రక్కు ఒకటి చవగ్గా వస్తోంది, తీసుకోమంటారా?" అని అడిగారు. నలుగురికీ విడివిడిగా చెప్పిందే ఇప్పుడు అందరికీ కలిపి చెబుతున్నాను.

మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో ట్రక్కు అంటాం. తెలంగాణ మిత్రులు ట్రాలీ అంటారు. రిజిస్ట్రేషను కాగితాల్లో ట్రైలరు అని ఉంటుంది. మూడూ ఒకటే.

మనం డిపోల్లో, గ్యారేజీల్లో ముప్పై ఏళ్ళు బస్సుల మధ్య బతికినవాళ్ళం. బస్సుకు ఎన్ని చక్రాలుంటే అన్నిటికీ బ్రేకులుంటాయి. డ్రైవరు పెడలు తొక్కితే బండి మొత్తం ఆగుతుంది. ట్రాక్టరు, ట్రక్కు సంగతి అలా కాదు. చిన్న ట్రాక్టరుకు బ్రేకులుండేది వెనక రెండు చక్రాలకే. ఊళ్ళలో తిరిగే ట్రక్కులకు చాలావాటికి అసలు బ్రేకే ఉండదు. అంటే ఆ రెండు చక్రాలే ట్రాక్టరునూ ఆపాలి, ట్రక్కునూ ఆపాలి, అందులోని సరుకునూ ఆపాలి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగిలినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

లాగడం గురించి ఎవరికీ దిగులు అక్కరలేదు. 18 హార్స్ పవర్ ట్రాక్టరు కూడా లో గేరులో వేస్తే చదును రోడ్డు మీద తనకంటే మూడు రెట్ల బరువును లాక్కుపోతుంది. అమ్మేవాడు చూపించేది కూడా అదే. "చూడండి సార్, ఎంత తేలిగ్గా లాగుతోందో" అంటాడు. లాగినదాన్ని ఆపగలదా అని మనం అడగం, అతను చెప్పడు.

ఒక లెక్క చూద్దాం. చిన్న ట్రాక్టరు బరువు 800 కిలోలు, డ్రైవరు 70 కిలోలు అనుకోండి. వెనక ట్రక్కు ఖాళీ బరువు 500, సరుకు 1,000, కలిపి 1,500 కిలోలు. మొత్తం 2,370. పది అడుగులకు ఒక అడుగు దిగే వాలులో, చెరువు గట్టు దిగే దారి అలాగే ఉంటుంది, ఈ బరువులో పదో వంతు, అంటే దాదాపు 237 కిలోల తోపు ముందుకు పనిచేస్తుంది. ఇక ఆపే శక్తి ఎంత? ట్రాక్టరు బరువులో వెనక చక్రాల మీద పడేది సుమారు 520 కిలోలు, ట్రక్కు డ్రాబారు నుంచి వచ్చేది ఇంకో 150, మొత్తం 670. ఎండిన మట్టిదారి మీద టైరుకు అందులో సగం పట్టు దొరికిందనుకుంటే 335 కిలోలు. బండి ఆగుతుంది. అదే దారి మీద వాన పడి నల్లరేగడి జారుడుగా మారితే పట్టు అయిదో వంతుకు పడిపోతుంది. అప్పుడు దొరికేది 134 కిలోలే. తోసేది 237, ఆపేది 134. బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోయి జారతాయి తప్ప బండి ఆగదు. వెనక నుంచి ట్రక్కు తోస్తూనే ఉంటుంది. డ్రాబారు పిన్ను దగ్గర మడత పడి ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది.

ఇది కాగితం మీద లెక్క కాదు. మూడేళ్ళ క్రితం తొలకరి వాన పడ్డ మర్నాడు మా బావమరిది తోటలో ఇదే జరిగింది. పెద్ద ట్రాక్టరు కోసం చేసిన పాత ట్రక్కును ఒక దుకాణం ఆయన అంటగట్టాడు. "పెద్దదయితే పది కాలాల పాటు ఉంటుందండీ" అన్నాడట. ఖాళీ బరువే టన్ను. దాని నిండా తడి పశువుల ఎరువు వేసి గట్టు దిగుతున్నారు. నడిపేది ఇరవై రెండేళ్ళ కుర్రవాడు, పనిమంతుడు. వేగమేమీ లేదు, మనిషి నడిచినంత. సగం దిగాక ట్రక్కు తోసేసింది. ట్రాక్టరు అడ్డం తిరిగి పక్కకు ఒరిగింది. ప్రాణం దక్కింది గాని మోకాలి కింద కాలు పోయింది. ఇప్పుడు ఊళ్ళో సెల్‌ఫోన్ రీచార్జి కొట్టులో కూర్చుంటున్నాడు. ఆ మధ్య కనిపించి "బాబాయ్ గారూ, నేను బ్రేకు తొక్కానండీ" అన్నాడు. ఇంకా అదే మాట అంటున్నాడు. అతను తొక్కాడనడంలో నాకేమీ సందేహం లేదు.

కనుక మొదట అడగవలసింది ట్రక్కు ఎంత మోస్తుందని కాదు, మన ట్రాక్టరు బరువెంత అని. చిన్న ట్రాక్టర్లు ఆరేడు వందల కిలోల నుంచి టన్ను దాకా ఉంటాయి. కంపెనీ ఇచ్చే పుస్తకంలో బరువు రాసి ఉంటుంది, ఎంత ట్రక్కు లాగవచ్చో కూడా చాలావాటిలో రాస్తారు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఉంది. అది ఇచ్చే ట్రాక్టరు పరీక్ష నివేదికలోనూ బరువు, లాగే శక్తి ఉంటాయి. డీలరును అడిగి చూడండి. బ్రేకు లేని ట్రక్కయితే ఖాళీ బరువు, సరుకు కలిపి ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు దాటనివ్వకూడదని నా అభిప్రాయం. గట్లు, వాలులు ఉన్న పొలమైతే ట్రాక్టరు బరువుకు సమానంగా ఉంచండి. పుస్తకంలో ఇంతకంటే తక్కువ రాసి ఉంటే పుస్తకం మాటే వినండి.

నేను చూపిన లెక్కలో ట్రక్కు ఒకటిన్నర రెట్లు కూడా దాటింది. ఊళ్ళలో అది మామూలు లోడే, ఎవరూ ఎక్కువ అనుకోరు.

తరువాత తొట్టి కొలతలు. 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు డోర్లు ఉన్న తొట్టి 35 ఘనపుటడుగులు పడుతుంది. అందులో విడి ధాన్యం నింపితే 560 కిలోలకు కాస్త అటూ ఇటూ. పశువుల ఎరువు 700 దాకా. ఇసుక అయితే 1,500 దాటుతుంది, తడి ఇసుక ఇంకా ఎక్కువ. తొట్టి అదే, బరువు మూడింతలు. తొట్టి పెద్దదిగా ఉంటే దాన్ని నింపకుండా ఉండగలిగే కూలీని నేనింతవరకు చూడలేదు. అందుకే మీ తోటలో ఎక్కువగా తోలే సరుకును బట్టి తొట్టి ఎంచుకోండి. గడ్డి, కొబ్బరి మట్టలు తోలడానికి పక్కన కర్రలు నిలబెట్టుకునే కొక్కేలు వేయించుకుంటే చాలు, రేకు ఎత్తు పెంచవద్దు. ధాన్యం బస్తాలైతే లెక్క ఇంకా సులువు. 75 కిలోల బస్తాలు పది వేస్తే 750 కిలోలు. పదకొండోది వేయమని ఎవరైనా అంటే మీరే దగ్గరుండి దింపించండి.

రెండు చక్రాలదా, నాలుగు చక్రాలదా అని అందరూ అడుగుతారు. చిన్న ట్రాక్టరుకు రెండు చక్రాలదే మేలు. నాలుగు చక్రాల ట్రక్కు తన బరువంతా తనే మోసుకుంటుంది, ట్రాక్టరు వెనక చక్రాల మీద ఏమీ పడదు. బరువు పడకపోతే పట్టు ఉండదు, బురదలో చక్రం ఊరికే తిరుగుతుంది. పైగా దాన్ని వెనక్కి తోలడం మన సీనియర్ డ్రైవర్లకే చెమటలు పట్టిస్తుంది. రెండు చక్రాల ట్రక్కులో కొంత బరువు డ్రాబారు మీదుగా ట్రాక్టరు మీద పడుతుంది. అది మొత్తంలో పదో వంతు ఉంటే బాగుంటుంది. మరీ ఎక్కువైతే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. సరుకు వెనక్కి వేస్తే డ్రాబారు పైకి లేచి ట్రాక్టరు వెనక భాగాన్నే ఎత్తేస్తుంది, ఉన్న కాస్త బ్రేకూ పోతుంది. ఇదంతా ఇరుసు ఎక్కడ బిగించారనే దాని మీద ఆధారపడి ఉంటుంది. నేను చెప్పిన 7 అడుగుల తొట్టికి ఇరుసు నడిమధ్య నుంచి 8 నుంచి 10 అంగుళాలు వెనకగా ఉండాలి. వెల్డింగు షాపులో సరిగ్గా మధ్యలో పెట్టేస్తారు, కొలవడం తేలిక కదా. డబ్బు కట్టేముందు ట్రక్కులో సగం లోడు సమంగా వేయించి, డ్రాబారు కొసను ధాన్యం కాటా మీద పెట్టి తూచండి. పది నిమిషాల పని.

డ్రాబారు ఎత్తు కూడా చూడండి. పెద్ద ట్రాక్టరు ట్రక్కును చిన్నదానికి తగిలిస్తే ముందుకు వంగి ఉంటుంది, సరుకంతా ముందుకు జరుగుతుంది. కొందరు ఆ వంకర సరిచేయడానికి కొక్కేన్ని ఎత్తులో వెల్డింగు చేయిస్తారు, లేదా పైనున్న టాప్ లింకు బ్రాకెట్టుకే కట్టేస్తారు. ఆ పని ఎప్పుడూ చేయవద్దు. వెనక ఇరుసు మట్టం కంటే ఎత్తు నుంచి లాగితే ట్రాక్టరు ముందు భాగం లేచి వెనక్కి పల్టీ కొడుతుంది. డ్రైవరుకు దూకే వ్యవధి కూడా ఉండదు.

ఇక బ్రేకు. కొత్తగా చేయించుకునేవారికి నా గట్టి సలహా, ట్రక్కుకు బ్రేకు వేయించండి. డ్రాబారులో జారే గొట్టం ఒకటి పెడతారు. ట్రక్కు ముందుకు తోసినప్పుడు ఆ గొట్టం లోపలికి జరిగి, కడ్డీ ద్వారా ట్రక్కు చక్రాల బ్రేకులను పట్టిస్తుంది. ఎంత తోస్తే అంత గట్టిగా పడుతుంది. డ్రైవరు చేయవలసింది ఏమీ లేదు. పాత జీపు హబ్బులు, డ్రమ్ములు దొరికితే మన మెకానిక్ మిత్రులెవరైనా అమర్చగలరు. వెనక్కి తోలేటప్పుడు అది పట్టకుండా ఒక గడియ ఉండాలి, మరచిపోకండి. దానితోపాటు నిలిపినప్పుడు వేసే చేతి బ్రేకు. రాయి అడ్డం పెట్టడం బ్రేకు కాదు.

ఉన్న ట్రక్కుతోనే నడిపేవారు కనీసం ఈ మూడూ చేయాలి. రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపి గడియ వేయాలి, లేకపోతే ఒక చక్రమే పట్టి బండి తిరుగుతుంది. వాలు దిగేటప్పుడు న్యూట్రలు చేయకూడదు, ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే గేరు. నాలుగు చక్రాల డ్రైవు ఉన్న ట్రాక్టరైతే దిగేముందే దాన్ని వేయాలి, అప్పుడు ముందు చక్రాలు కూడా బండిని ఆపడంలో పాలు పంచుకుంటాయి.

కాగితాల సంగతి క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రక్కుకు విడిగా రిజిస్ట్రేషను ఉండాలి. ఇన్సూరెన్సులో ట్రక్కును ప్రత్యేకంగా చేర్పించాలి. ట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడు ట్రక్కు తగిలించి నడిపితే చెల్లదని కొందరు భయపెడతారు. ట్రక్కు తగిలించినంత మాత్రాన ట్రాక్టరు ట్రాక్టరు కాకుండా పోదని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ భయం వద్దు.

భయపడవలసింది ఇంకొకదానికి. కూలీలను ట్రక్కులో ఎక్కించడం. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప కోతకు వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అదే సంవత్సరం జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురం దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టరు పడి పదిహేను మంది పోయారు. రెండుచోట్లా ఎక్కువమంది ఆడకూలీలే. "ఆటో పిలిస్తే ఖర్చు, మన ట్రక్కు ఖాళీగానే పోతోంది కదా" అని మన ఇళ్ళలోనే అంటారు. ఇంట్లోవారు అన్నా, కూలీలే అడిగినా ఎక్కించవద్దు. అది సరుకు కోసం చేసిన తొట్టి. మనిషి పట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు.

హైడ్రాలిక్ టిప్పరు గురించి అడిగారు. మూడువైపులా తెరుచుకునే డోర్లు ఉంటే చిన్న తోటకు టిప్పరు అవసరం లేదు. నూనె ట్రాక్టరు నుంచే రావాలి, ఎత్తుపల్లాల నేల మీద తొట్టి ఎత్తితే పక్కకు పడుతుంది. ఆ డబ్బు బ్రేకుకు పెట్టండి.

పాత ట్రక్కే కొనేవారు రంగు చూసి మోసపోకండి. తొట్టి కింద పడుకుని చూడాలి. డ్రాబారు తొట్టికి కలిసేచోట ఛానలు మీద వెల్డింగు పక్కన వెంట్రుక వాసి పగులు ఉన్నా వదిలేయండి. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి, ఆడితే బేరింగు పోయినట్లు. పిన్ను పట్టే రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే కొత్త కన్ను వేయించాలి. పిన్నుకు కింద చీలిక పిన్ను, విడిగా ఒక గొలుసు ఉండాలి. చిన్న ట్రక్కులకు జీపు సైజు 6.00-16 టైర్లు చాలు, కాని రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉన్నవి కావాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, లైటు లేని ట్రక్కును చీకట్లో రోడ్డెక్కించకండి. మన రోడ్ల మీద రాత్రిపూట ఆగి ఉన్న ట్రక్కును గుద్దుకుని పోయినవాళ్ళ సంగతి మన డ్రైవరు సోదరులకు నేను చెప్పనక్కరలేదు.

కొన్నాక మొదటి లోడును వేబ్రిడ్జికి తోలండి. ముందు ట్రాక్టరు ఒక్కటే, తరువాత ట్రక్కు ఖాళీగా, చివరగా నిండుగా. మూడు చీటీలూ టూల్ బాక్సులో ఉంచండి. నడిపే కుర్రవాడికి ఆ అంకెలు చదివి చెప్పండి. భోజనాలకు ఇంకా వ్యవధి ఉంది, ట్రక్కు కొలతలు తెచ్చుకున్నవారుంటే వెనక బల్ల దగ్గరకు రండి, కాగితం మీద ఇరుసు గుర్తు పెట్టి ఇస్తాను.