పల్లెటూరి వృత్తికి పెట్టుబడి



ఆళ్ళగడ్డ సీమలోని ఒక సహకార పరపతి సంఘమునందు నేను ముప్పది సంవత్సరములకు పైగా లెక్కలు వ్రాసితిని. అప్పు కోరి వచ్చినవాని ముఖము గడప దాటునప్పుడు ఎట్లుండునో, లేదనిపించుకొని మరలిపోవునప్పుడు ఎట్లుండునో నాకు తెలిసినంతగా ఏ కొద్దిమందికో తెలిసియుండును. నేడు నేను ముచ్చటింపబోవు విషయము సేద్యపు అప్పు కాదు. ఊరిలో చిన్న అంగడియో, చేతివృత్తియో, చిన్న యంత్రమో పెట్టుకొని బ్రతుకువారికి పెట్టుబడి ఎక్కడనుండి వచ్చును, ఏ వెలకు వచ్చును, అందులో మన పెద్దల బాధ్యత ఎంత అనునదియే నేటి ప్రసంగము.

మొదట నా తప్పు నేను చెప్పుకొనవలెను.

1985వ సంవత్సరము వేసవిలో ఒకనాటి సాయంకాలము నాకు వరుసకు అన్నయగు శిల్పి యొకడు సంఘమునకు వచ్చెను. ఆళ్ళగడ్డ శిల్పుల పనితనము మీరెఱుగనిది కాదు. ఆయనకు ఒక దేవాలయము వారు విగ్రహముల పని ఒప్పగించిరి. నల్లరాయి కొనవలెను, లారీ బాడుగ ఇవ్వవలెను, ఇద్దరు పనివాండ్రకు కూలి చెల్లించవలెను. పదివేల రూపాయలు కావలసియుండెను. నేను లెక్కల పుస్తకము నుండి తల యెత్తకయే, "అన్నా, మన సంఘము పైరుకే గాని రాతికి అప్పీయదు" అంటిని. ఆ మాట నిజమే. నిబంధన అట్లే యుండెను. ఆయన మారు పలుకక లేచిపోయెను.

మఱునాడు ఒక వడ్డీవ్యాపారి వద్ద నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చెను. విగ్రహములు చెప్పిన గడువునకే పూర్తియయ్యెను. కాని ఆ గుడి పని నిలిచిపోయి, ప్రతిష్ఠ రెండు పర్యాయములు వాయిదా పడినది. సొమ్ము చేతికి అందునప్పటికి మూడేండ్లు గడచెను. సంవత్సరమున కొకసారి వడ్డీని అసలులో కలుపుచు పోగా పదివేలు మొదటి ఏటికి 13,600, రెండవ ఏటికి 18,496, మూడవ ఏటికి 25,154 రూపాయలయ్యెను. కాలువ క్రింది రెండెకరముల చేను అమ్మి ఆయన ఋణవిముక్తుడయ్యెను. అటుపిమ్మట తన సొంత పని మానుకొని, మఱియొకరి పాకలో కూలికి ఉలి పట్టెను.

ఆయన నన్ను ఎన్నడును నిందింపలేదు. ఒక్కనాడు మాత్రము, "తమ్ముడా, నీవు లేదంటివి, సరే. ఉన్న చోటు ఏదో చెప్పకపోతివి గదా" అనెను.

ఆ మాట నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది. ఏలయన ఆ కాలమునకే అప్పు దొరకు చోట్లు ఉండినవి. 1969 జూలై 19వ తేదీన పెద్ద బ్యాంకులు పదునాలుగింటిని ప్రభుత్వము జాతీయము చేసెను. సన్నకారు రైతులకు, కూలీలకు, చేతివృత్తులవారికి అప్పిచ్చుటకే 1975లో గ్రామీణ బ్యాంకుల ఏర్పాటు మొదలయ్యెను. మన రాయలసీమ గ్రామీణ బ్యాంకు 1976లో వెలసెను. పేదవారి వృత్తులకు అప్పును, దానిపై కొంత సబ్సిడీని ఇచ్చు సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకము 1980 నాటికే దేశమందలి అన్ని బ్లాకులకును వ్యాపించియుండెను. ఇవి యన్నియు నాకు తెలియును. తెలిసియు చెప్పలేదు. నా కుర్చీ పని అది కాదనుకొంటిని.

పెద్దలారా, అప్పు మనకు క్రొత్త కాదు. వడ్డీ అసలును మించరాదని మన ధర్మశాస్త్రకారులు ఏనాడో కట్టడి చేసిరి. మనము చెన్నరాజధానిలో భాగమై యుండినప్పుడు, 1938లో రాజగోపాలాచారి గారి మంత్రివర్గము రైతుల ఋణ విమోచనకై శాసనము చేసెను. అసలుకు రెండింతలు చెల్లించిన రైతు అప్పు తీరినట్లే యని దానిలో ఒక నియమము. అంతకు ముందే ఫ్రెడరిక్ నికల్సన్ అను దొర ఈ రాజధానిలోని రైతుల అప్పులను పరిశీలించి 1895లోను 1897లోను నివేదిక సమర్పించెను. జర్మనీ దేశమున రైఫైజన్ అను గ్రామాధికారి నెలకొల్పిన సంఘముల వంటివే ఇక్కడను కావలెనని దాని సారాంశము. ఒకరినొకరు ఎఱిగిన ఇరుగుపొరుగువారే కూడి, ఒకరికొకరు పూచీపడి, తక్కువ వడ్డీకి సొమ్ము తెచ్చుకొనుట ఆ పద్ధతి. దాని ఫలితమే 1904 నాటి సహకార శాసనము. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించుటయు ఇట్టి ఆలోచనతోనే. ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. మన గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకుగా మారి, 2025 మే 1న రాష్ట్రమంతటికి ఒక్కటియగు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో చేరినది. పేర్లు మాఱినవి గాని గడప మాఱలేదు. ఆ గడప తొక్కుటకు మనవారికి గల జంకును మాఱలేదు.

ఇక నేటి మార్గములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది, చేతి బదులును దినవడ్డీయును. నంద్యాల సంతలో కూరగాయలమ్ము తల్లికి ఉదయము సొమ్ము కావలెను. దినవడ్డీవాడు పదివేలని చెప్పి, పదునైదు వందలు ముందే మినహాయించుకొని, ఎనిమిదివేల అయిదువందలు చేతిలో పెట్టును. దినమునకు నూఱు చొప్పున నూఱు దినములు కట్టవలెను. పదునైదు వందలే గదా యని ఆమె అనుకొనును. కాని ఆమె దినదినమును అసలు తీర్చుచునే యున్నది. లెక్క వేసి చూచితిమేని ఈ వడ్డీ సంవత్సరమునకు నూటికి సుమారు నూటయిరువది. ఇంత వడ్డీ మోయగల లాభము ఏ కూరగాయల గంపలోనున్నది?

రెండవది చీటీపాట. ఇది మనవారికి ప్రియమైనది. ఇరువదిమంది నెలకు వేయి చొప్పున వేసినచో ఇరువదివేలగును. అవసరమున్నవాడు నాలుగువేలు తగ్గించి పాడి పదునారువేలు తీసికొనును. ఆ తగ్గింపులో నిర్వాహకుని కమీషను పోగా మిగిలినది సభ్యులందరు పంచుకొందురు. కూడబెట్టుటకును అప్పునకును రెంటికిని ఇది పనికివచ్చును. అయితే 1982 నాటి చిట్‌ఫండు శాసనము ప్రకారము రిజిస్టరైన చీటీ వేఱు, నోటిమాటపై నడచు చీటీ వేఱు. నోటిమాట చీటీ నడపువాడు ఊరు విడిచినచో, చూపుటకు మన చేతిలో కాగితమైనను ఉండదు.

మూడవది స్త్రీల పొదుపు సంఘములు. 1992లో నాబార్డు ఈ సంఘములను బ్యాంకులతో జోడించెను. మన రాష్ట్రమున ఇవి ఊరూర వెలసినవి. 2011లో స్త్రీనిధి అను సహకార సంస్థ యేర్పడి వారికి త్వరితముగ అప్పునిచ్చు ఏర్పాటు జరిగెను. ఇందు రైఫైజను సూత్రమే పనిచేయుచున్నది. ఆస్తికి బదులు తోటి స్త్రీల మాటయే జామీను. అయితే ఈ సూత్రమును లాభాపేక్షతో వాడుకొన్నవారును లేకపోలేదు. సూక్ష్మఋణ సంస్థలు కొన్ని వారవారము ఇంటి ముంగిట నిలిచి వసూలు చేయుచు, ఒకే ఇంటిలో నాలుగైదు అప్పులు పోగుపడునట్లు చేసినందున, 2010 అక్టోబరులో ప్రభుత్వము ప్రత్యేక శాసనముతో వారిని కట్టడి చేయవలసి వచ్చెను. సామూహిక పూచీ బలమే గాని, బలవంతమునకు సాధనము కారాదు.

నాలుగవది బ్యాంకుల ద్వారా వచ్చు ప్రభుత్వ పథకములు. వీనిలో మూడింటిని మీరు గుర్తుంచుకొనుడు.

2015 ఏప్రిలు 8న ప్రారంభమైన ముద్రా ఋణమునకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. ఏబదివేల వరకు శిశు, అయిదు లక్షల వరకు కిశోర్, పది లక్షల వరకు తరుణ్ అని పేర్లు. తరుణ్ ఋణమును చక్కగా తీర్చినవారికి ఇరువది లక్షల వరకు ఇచ్చునట్లు 2024లో నిర్ణయించిరి.

2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము క్రొత్తగా పరిశ్రమ పెట్టువారికి. ఒక స్త్రీ మన నంద్యాల బియ్యముతో బొరుగుల బట్టీ పెట్టదలచి, నాలుగు లక్షల వ్యయమునకు అంచనా వ్రాసినదనుకొందము. 2022 నాటి నిబంధనలను బట్టి పల్లెలో స్త్రీకి నూటికి అయిదు వంతులు సొంత సొమ్ము చాలును. అనగా ఇరువదివేలు. తక్కిన మూడు లక్షల ఎనుబదివేలు బ్యాంకు ఇచ్చును. నూటికి ముప్పదియైదు వంతులు, అనగా లక్షా నలుబదివేలు, ప్రభుత్వపు సహాయము. అది ఆమె చేతికి రాదు. మూడేండ్లు బ్యాంకులో నిలువయుండి, బట్టీ నడచుచున్నదని తేలిన పిమ్మట అప్పులో చెల్లు పడును. కావున సబ్సిడీ తిని బట్టీ ఆర్పివేయుదమనువానికి ఇది పనికిరాదు.

మూడవది 2023 సెప్టెంబరు 17న వచ్చిన విశ్వకర్మ పథకము. పదునెనిమిది చేతివృత్తులకు ఇది వర్తించును. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చెప్పులు కుట్టువాడు, రాతి శిల్పి అందు చేరియున్నారు. పనిముట్లకు పదునైదువేలు, శిక్షణ దినములలో రోజునకు అయిదువందలు, మొదటి విడత లక్ష రూపాయల అప్పు, పదునెనిమిది నెలలలో తీర్చవలెను. అది తీర్చినవారికి రెండు లక్షలు, ముప్పది నెలల గడువు. వృత్తిదారుడు చెల్లించు వడ్డీ నూటికి ఏడాదికి అయిదు. మా అన్న నెలకు మూడు చొప్పున, ఏడాదికి ముప్పదియాఱు కట్టెనని మీరు మఱవకుడు.

ఈ పథకమునందు పెద్దలు గమనింపవలసినది ఒకటి గలదు. దరఖాస్తు చేసినవాడు నిజమైన వృత్తిదారుడా కాదా అను మొదటి పరిశీలన జరుగునది గ్రామపంచాయితీయందే. పేదవాని కాగితము మన బల్లపై నెల దినములు పడియున్నచో, ఆ నెల వడ్డీ వాడు మఱియొకచోట కట్టుచుండును. 1985లో నేను చేసిన తప్పు నేడు మీరు చేయకుడు.

ఇక అప్పు చేయువానికి నాలుగు మాటలు చెప్పెదను.

పెట్టుబడి రెండు విధములని తెలిసికొనవలెను. ఉలి, యంత్రము, పాక కొనుటకు కావలసిన సొమ్ము ఏండ్లమీద తిరిగి వచ్చును. రాయి, బియ్యము, కూలి మొదలగువానికి కావలసినది నెలలలో తిరిగి వచ్చును. ఏడాదికి గాని ఫలమీయని పనికి నూఱు దినముల అప్పు చేయుట, మామిడి నాటి మాఘమునకే కాయలు కోయబూనుట వంటిది.

చిట్టా వ్రాయవలెను. అంగడి సొమ్మును ఇంటి సొమ్మును కలుపరాదు. ఆస్తి లేనివానికి చిట్టాయే ఆస్తి. బ్యాంకువాడు మొదట అడుగునది అదియే.

ఖాళీ ప్రోనోటుపై వ్రేలు పెట్టరాదు, సంతకము చేయరాదు. కట్టిన ప్రతి కిస్తీకి నోటు వెనుక చెల్లు వేయించుకొనవలెను. మాటమీద కట్టినది మాటతోనే పోవును.

ఒక అప్పు తీర్చుటకు అంతకంటె ఎక్కువ వడ్డీకి మఱియొక అప్పు చేయరాదు. కిస్తీ తప్పునట్లున్నచో ముందుగనే బ్యాంకునకు పోయి చెప్పవలెను. దాగికొన్నవానికి గడువు దొరకదు.

జామీను నిలుచు పెద్దలకు ఒక మాట. మొగమాటమునకు సంతకము చేయకుడు. వాని పనిని చూడుడు, సరకు ఎవరు కొందురో అడుగుడు, సొమ్ము ఎప్పుడు వచ్చునో విచారింపుడు. ఇవి మూడును సరిగా నున్నచో నిర్భయముగ నిలువుడు. సరిగా లేనిచో, "అబ్బీ, ఈ అప్పు నీకు మేలు చేయదు" అని చెప్పుటయు ఉపకారమే. మా అన్న విషయములో పనితనము లోపము కాదు. సొమ్ము ఎప్పుడు వచ్చునో ఎవరును విచారింపలేదు. విగ్రహమునకు సగము సొమ్మైనను ముందుగా పుచ్చుకొమ్మని చెప్పువాడు ఒక్కడు దొరికియున్నచో ఆ రెండెకరములు నిలిచియుండెడివి.

ఆ అన్న నేడు లేడు. ఆయన మనుమడు ఉలి పట్టినాడు. విశ్వకర్మ పథకము వచ్చిన పిమ్మట ఆ పిల్లవాడు నా యింటికి వచ్చి, "తాతా, బ్యాంకులో ఏమి మాటాడవలెనో నాకు తెలియదు" అనెను. నా మోకాళ్ళు సహకరింపకున్నను వానితో కూడ పోతిని. మూడు పర్యాయములు తిరుగవలసి వచ్చెను. ఒకసారి కాగితము చాలలేదు, ఒకసారి అధికారి సెలవులో నుండెను. తుదకు లక్ష రూపాయలు వాని ఖాతాలో పడెను. వాడు రాయి తెచ్చెను, కొన్నవారివద్ద సగము సొమ్ము ముందే పుచ్చుకొనెను. నెలనెలా కిస్తీ కట్టి చిట్టాలో వ్రాసి నాకు చూపుచుండెను. కడపటి కిస్తీ కట్టిననాడు చిట్టా నా ముందుంచి ఏమియు ననక నిలుచుండెను. నేనును ఏమియు ననలేకపోతిని.

పెద్దలారా, మీ యూరిలో అప్పు కోరి వచ్చినవానికి ఈయవలసిన సొమ్ము మీ యొద్ద లేకపోవచ్చును. అది దోషము కాదు. కాని "ఇక్కడ లేదు, పద, ఉన్నచోటు చూపించెదను" అను మాట మీ యొద్ద తప్పక యుండవలెను. ఆ మాటకు పెట్టుబడి అక్కరలేదు.