చట్టం పొలం దాకా రావాలి

ఊక, పత్తికట్టె, కందికంప, వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి: నా ప్రసంగమంతా వీటి గురించే. వీటితో కరెంటు తీయవచ్చన్న సంగతి మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కోసం ఒక అధ్యయనం చేసింది. దేశంలో ఏటా దాదాపు 75 కోట్ల టన్నుల బయోమాస్ వస్తుందని, మేతకూ ఇతర అవసరాలకూ పోగా 23 కోట్ల టన్నులు మిగులుతుందని, దానితో 28 వేల మెగావాట్ల విద్యుత్ కేంద్రాలు నడపవచ్చని లెక్కగట్టింది. ఇంత ఉన్నా దేశంలో ఇప్పటికి నిలబడిన బయోమాస్ విద్యుత్ సామర్థ్యం పది వేల మెగావాట్ల చిల్లర. అందులోనూ సింహభాగం చక్కెర మిల్లులదే. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. చక్కెర మిల్లులో పిప్పి గానుగ పక్కనే పడుతుంది. దాన్ని ఎవరి దగ్గరా కొనక్కర్లేదు, ముప్పై మైళ్ల నుంచి మోసుకురానక్కర్లేదు. ఇంధనం గేటు లోపలే దొరికే చోట మన చట్టం పని చేసింది, వేల పొలాల నుంచి పోగు చేసుకోవాల్సిన చోట చతికిలబడింది. గ్రిడ్డు అదే, చట్టమూ అదే, ఫలితాలు మాత్రం రెండు రకాలు. మన చట్టం బయటికి వెళ్లే యూనిట్టును లెక్కపెట్టింది గానీ లోపలికి రావాల్సిన మోపును పట్టించుకోలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

2003 విద్యుత్ చట్టాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పునరుత్పాదక విద్యుత్తుకు గ్రిడ్డుతో అనుసంధానం కల్పించమని, పంపిణీ సంస్థలు దాన్ని ఇంత శాతం కొని తీరాలని నిర్దేశించమని ఆ చట్టంలోని 86వ సెక్షన్ రాష్ట్ర నియంత్రణ మండళ్లకు బాధ్యత అప్పగించింది. ధర నిర్ణయించేటప్పుడు ఈ ప్రోత్సాహాన్ని దృష్టిలో పెట్టుకోమని 61వ సెక్షన్ చెప్పింది. సొంత విద్యుత్ కేంద్రాలున్న పరిశ్రమలకూ ఈ కొనుగోలు బాధ్యత వర్తిస్తుందని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎండకు, గాలికి ఈ పాటి రక్షణ సరిపోయింది. ఎండకు బిల్లు రాదు, గాలికి లారీ కిరాయి ఉండదు. బయోమాస్ సంగతి అది కాదు. కేంద్ర నియంత్రణ మండలి ప్రమాణాల్లో యూనిట్టుకు 4,200 కిలో కేలరీల వేడి కావాలి, కిలో బయోమాస్ నుంచి వచ్చేది 3,100. అంటే యూనిట్టుకు కిలో మూడొందల యాభై గ్రాముల ఇంధనం. ఆరు మెగావాట్ల చిన్న కేంద్రం 80 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి 4.2 కోట్ల యూనిట్లు, దానికి 57 వేల టన్నుల ఇంధనం. రోజుకు పది టన్నుల లారీలు పదిహేను పైనే గేటు దాటాలి. టన్ను ధర వెయ్యి రూపాయలు పెరిగితే యూనిట్టు ఖర్చు రూపాయి ముప్పై ఐదు పైసలు పెరుగుతుంది. ఇలాంటి వ్యాపారాన్ని సౌర ఫలకాల గాటన కట్టి, ఇరవై ఏళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టించి, ఇక నీ తిప్పలు నువ్వు పడమంటే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవమే చెబుతుంది.

1990ల నడుమ కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు సంప్రదాయేతర విద్యుత్తుకు 1994-95 ప్రాతిపదికగా యూనిట్టుకు రెండు రూపాయల పావలా, ఏటా 5 శాతం పెంపు సూచించాయి. 1997లో మన రాష్ట్రం ఆ బాటే పట్టింది. ఆ ధరను నమ్ముకొని ఆరేసి మెగావాట్ల కేంద్రాలు లేచాయి. 2001లో రాష్ట్ర నియంత్రణ మండలి ఆ ధరను 2004 మార్చి దాకా కొనసాగిస్తూనే, కరెంటును ట్రాన్స్‌కోకే అమ్మాలని, బయటివాళ్లకు అమ్మకూడదని చెప్పింది. గడువు ముగిసే వేళకు కొత్త లెక్కలతో ధర తగ్గించింది. ఉత్పత్తిదారులు కోర్టుకెక్కారు. మండలికి ధర నిర్ణయించే అధికారం ఉందనీ, అయితే ఉత్పత్తిదారుల వాదన మళ్లీ విని నిర్ణయించాలనీ సుప్రీంకోర్టు చెప్పేసరికి 2010 వచ్చింది. ఆ ఆరేళ్లూ ఊక ధర తీర్పు కోసం ఆగలేదు. బాయిలర్ కోసం రైస్ మిల్లు, కాల్చడానికి ఇటుక బట్టీ, నేల మీద పరచడానికి కోళ్ల ఫారం, ఇప్పుడు విద్యుత్ కేంద్రం, అందరూ ఒకే ఊక కోసం పోటీ పడితే ధర ఎక్కక మానదు. ఈ వ్యవహారంలో ఎవరిది న్యాయం అన్నది కాదు నా ప్రశ్న. వినియోగదారుడి మీద భారం పడకుండా చూడటం మండలి పని, పెట్టుబడి మునగకుండా చూసుకోవడం ఉత్పత్తిదారుడి పని. ఇన్నేళ్ల వ్యాజ్యంలో టన్ను ఇంధనానికి ఎంత, యూనిట్టుకు ఎన్ని గ్రాములు అని తెగ వాదించుకున్నారు. ఆ ఇంధనం ఎవరి పొలంలో పుట్టింది, వాళ్లకేం ముట్టింది అన్న ప్రశ్న మాత్రం వాదనకు రాలేదు. వచ్చే దారి చట్టంలో లేదు.

దారి వేసిన దేశాలున్నాయి. డెన్మార్క్ 1990 ప్రాంతంలో పొలాల్లో గడ్డి తగలబెట్టడాన్ని నిషేధించింది. నిషేధించి ఊరుకోలేదు. 2000 నాటికి ఏటా 14 లక్షల టన్నుల బయోమాస్, అందులో 12 లక్షల టన్నులు గడ్డి, విద్యుత్ కేంద్రాలు వాడాలని 1993లో అక్కడి పార్టీలు రాజకీయ ఒప్పందం కుదుర్చుకున్నాయి. గడువులూ షరతులూ తర్వాత సడలాయి, నిజమే. కానీ కాల్చవద్దన్న మాటా, మేం కొంటామన్న మాటా దాదాపు జంటగా రైతు చెవిన పడ్డాయి. జర్మనీ కథ మరో రకం. 2000 నాటి చట్టం ఇరవై ఏళ్ల స్థిరమైన ధర ఇచ్చింది. 2004 సవరణ ఇంధనం కోసమే పండించిన పంటకు అదనపు ధర కలిపింది. బయోగ్యాస్ కేంద్రాలు వేలల్లో వెలిశాయి, వాటితోపాటు కనుచూపు మేర మొక్కజొన్న తోటలూ. చివరికి 2012లో కొత్త కేంద్రాల్లో మొక్కజొన్న, ధాన్యం గింజల వాటా 60 శాతం మించకూడదని చట్టమే అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. చట్టం దేనికి డబ్బిస్తే పొలంలో అదే మొలుస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన దేశంలో కాల్చవద్దనే చేయీ, కొనే చేయీ కలవలేదు. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తరాది రాష్ట్రాల్లో పంట వ్యర్థాలు కాల్చిన రైతుకు రెండెకరాల లోపైతే 2,500 రూపాయలు, ఐదెకరాల దాకా 5,000, ఆపైన 15,000 జరిమానా అంది. 2024లో ఆ మొత్తాలు రెట్టింపయ్యాయి. బొగ్గు కేంద్రాలు బొగ్గుతో 5 నుంచి 10 శాతం బయోమాస్ గుళికలు కలిపి కాల్చవచ్చన్న సలహా 2017లో వచ్చింది. 2021లో అది ఆదేశమైంది. 2023లో సవరించి 2024-25 నుంచి 5 శాతం, ఆ మరుసటి ఏడు 7 శాతం అన్నారు. కాల్చిన రైతుకు మాత్రం మొదటి రోజు నుంచే జరిమానా. వెయ్యి మెగావాట్ల కేంద్రం 7 శాతం కలిపితే ఏటా రెండున్నర నుంచి మూడు లక్షల టన్నుల గుళికలు కావాలని ప్రభుత్వ అంచనా. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం కృష్ణా డెల్టా వరిపొలాల అంచునే ఉంది. కోత మిషను వెళ్లిపోయాక మళ్లీ దమ్ముకు నీళ్లు వచ్చేలోగా రైతుకు మిగిలేవి కొద్ది వారాలు. ఆ వారాల్లో గడ్డి కట్టలు కట్టే యంత్రం, కట్టలు నిలవచేసే చోటు, డబ్బు చేతిలో పెట్టే మనిషి లేకపోతే అగ్గిపుల్లే దిక్కు. యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం 2018లో పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకే మొదలైంది.

చట్టాన్ని పొలం దాకా తేవడానికి మాదిరి కోసం విదేశాలకు పోనక్కర్లేదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు మన ముందే ఉంది. ఫ్యాక్టరీకి ఒక ప్రాంతం కేటాయిస్తారు. చెరకు తోలిన 14 రోజుల్లో రైతుకు డబ్బు ముట్టాలి, లేకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. బయోమాస్ కేంద్రానికీ ఇలాగే కొంత మేర ఇంధన పరిధి గీయాలి, ఆ పరిధిలో మరో కేంద్రానికి అనుమతి ఇచ్చే ముందు మిగులు ఎంతో లెక్క చూడాలి. ఒక్క తేడా తప్పనిసరి. కొనే బాధ్యత విద్యుత్ కేంద్రానిదే, అమ్మే బాధ్యత రైతు మీద పెట్టకూడదు. తన గడ్డి తన గేదెకు వేసుకునే హక్కు అతనికి ఉండాలి. అలాగే కరెంటు ధరలో ఇంధనం వాటాను విడదీసి, రాష్ట్రం ప్రకటించే బయోమాస్ ధరల సూచీతో ఏటా సరిచూడాలి. చెరకు బకాయిలు చూసినవాళ్లు ఉత్తర్వులతో ఏమవుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బకాయి పడ్డా చెరకు రైతు వడ్డీ అడగగలడు, కలెక్టరు దగ్గరకు వెళ్లగలడు. కందికంప అమ్మిన రైతుకు అడగడానికి కాగితమే లేదు. కరెంటు అమ్మినవాళ్లకు ఆలస్య చెల్లింపుల మీద సర్‌చార్జి నియమాలు 2022లో వచ్చాయి, ఆ రక్షణ ఒక మెట్టు కిందికి దిగాలంతే.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ ధర గురించి. 2020లో గుజరాత్ వేలంలో సౌర విద్యుత్ యూనిట్టు రెండు రూపాయల లోపు పలికింది. బయోమాస్ కరెంటుకు దానికి మూడు రెట్లు పైనే పెట్టాలి, ఆ భారం ఎవరు మోయాలి? ఈ తేడాను తోసిపుచ్చలేను, తోసిపుచ్చేవాళ్లు లెక్క దాస్తున్నారు. కానీ సౌర కరెంటు రాత్రి ఎనిమిది గంటలకు రాదు, రావాలంటే బ్యాటరీ ఖర్చు కలపాలి. బయోమాస్ ఏ గంటకైనా నడుస్తుంది. పైగా ఆ అధిక ధరలో పెద్ద భాగం ఇంధనం ఖర్చు, అంటే పల్లెలో కూలీకి, ట్రాక్టరుకు, రైతుకు చేరగల డబ్బు. చేరగల అంటున్నాను. చేరేలా చట్టం రాయకపోతే అదంతా దళారి దగ్గర ఆగుతుంది, అప్పుడు ఆక్షేపించేవాళ్లదే నిజమవుతుంది. పొగ లేని గాలి, పల్లెలో పని కోసం పెట్టే ఖర్చు మొత్తాన్ని కరెంటు బిల్లు మీదే రుద్దడం అన్యాయమని కూడా నేను ఒప్పుకుంటాను. ఆ వాటా బడ్జెట్టు నుంచి రావాలి.

రెండో ఆక్షేపణ నేలది. దీన్ని నేను ఇంకా గౌరవిస్తాను. వరి తీసుకున్న పొటాష్‌లో దాదాపు ఐదింట నాలుగు వంతులు గడ్డిలోనే ఉంటుంది. పొటాష్ ఎరువుకు మనం పరాయి దేశాల మీదే ఆధారపడ్డాం. గడ్డి తీసుకెళ్లి కాల్చి బూడిదను గుంటలో పోస్తే పొలాన్ని దోచినట్టే. అందుకే అన్ని రకాల బయోమాస్ వాడకాలకూ ఒకే ప్రోత్సాహం తగదు. బొగ్గుతో కలిపి కాల్చితే గడ్డి బూడిద బొగ్గు బూడిదలో కలిసిపోతుంది, పొలానికి తిరిగి రాదు. విడి బాయిలర్లో కాల్చితే బూడిద రైతుకు తిరిగి ఇవ్వాలని షరతు పెట్టవచ్చు. బయోగ్యాస్‌గా మారిస్తే మిగిలిన ముద్ద పొటాష్, నత్రజనితో సహా ఎరువై వస్తుంది. ప్రోత్సాహం ఈ వరసలోనే పెరగాలి. ఎంత గడ్డి తీసుకోవచ్చో, ఎంత నేలలో వదలాలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ప్రాంతాల వారీగా చెప్పి, అది అనుమతి పత్రంలో షరతుగా ఉండాలి. పశువుల మేత ముందు, నేల తర్వాత, కరెంటు ఆఖర్న.

ఈ మాటలు ఇప్పుడే అనడానికి కారణం ఉంది. నగరాల్లో వాడే గ్యాసులో కంప్రెస్డ్ బయోగ్యాస్ 2025-26లో ఒక శాతంతో మొదలై 2028-29 నాటికి 5 శాతం కలపాలని కేంద్రం బాధ్యత పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2024లో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. అదే ఏడాది చివర్లో రాష్ట్రంలో 500 బయోగ్యాస్ కేంద్రాలకు ఒప్పందం కుదిరింది. ప్రకాశం జిల్లాలాంటి మెట్ట ప్రాంతాల్లో బీడు భూముల మీద నేపియర్ గడ్డి పెంచాలన్నది ఆలోచన. జర్మనీ మొక్కజొన్న కథ గుర్తుంటే అది బీడు భూమి మీదే ఆగేలా సర్వే నంబర్లతో హద్దులు రాయాలి. గొర్రెలు, మేకలు మేసే భూమి బీడు కిందికి రాకూడదు. 14 రోజుల చెల్లింపు, వడ్డీ, ఎరువు తిరిగి ఇవ్వడం, ఇంధన పరిధి, వీటికి శాసనసభలో కొత్త చట్టం తెచ్చేదాకా ఆగనక్కర్లేదు. రాష్ట్రం ఇచ్చే భూమి లీజుకీ రాయితీకీ వీటిని షరతులుగా చేర్చవచ్చు. కేంద్రాలు మొదలయ్యాక ఈ షరతులు పెట్టబోతే అది మరో పదేళ్ల వ్యాజ్యమవుతుంది.