తలుపు వేసి అడగండి

 

ఒక ఆగస్టులో ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన రోజు. ఎ.కొండూరు తండా నుంచి బస్సెక్కి డయాలసిస్‌కు వచ్చినాయన ఐసుముక్క చప్పరిస్తూ నా ఎదుట కూర్చున్నాడు. నీళ్లు కొలిచి తాగమన్నది నేనే. "ఇన్ని నీళ్లు సముద్రంలోకి పోతున్నాయండీ" అన్నాడు. నాకిక మాట రాలేదు.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. డయాలసిస్ మిషన్ ప్రాణం నిలుపుతుంది గాని పొలానికి పంపదు. రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించి బ్రెయిన్‌డెడ్ దాత కోసం చూస్తూ చూస్తూ, ఇంట్లోవాళ్ల వంక తిరుగుతాం. 1994 చట్టం తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు కిడ్నీ ఇవ్వొచ్చంది. 2011 సవరణ తాతలను, అమ్మమ్మలను, మనవలనూ కలిపింది. బ్లడ్ గ్రూపు కలవకపోతే రెండు కుటుంబాలు దాతలను మార్చుకోవచ్చనీ చెప్పింది. ఈ చివరి సంగతి రోగులకు విడమరిచి చెప్పే ఓపిక మా డాక్టర్లలో చాలామందికి లేదు.

మరి ఇస్తున్నదెవరు? 2023లో దేశం మొత్తమ్మీద బతికుండగా అవయవం ఇచ్చిన ఆడవాళ్లు 9,784 మంది, మగవాళ్లు 5,651.

భర్తకు కిడ్నీ ఇవ్వడానికి వచ్చిన ఒకావిడను ఆ భర్త, అత్తగారు, మరిది చుట్టూ నిలబడి ఉండగానే అడిగాను, "ఇష్టమేనామ్మా?" అని. కొంగు వేలికి చుట్టుకుంటూ "ఇష్టమేనండి" అంది, అత్తగారి వంక చూసి. చాన్నాళ్లకు బీపీ చూపించుకోడానికి వచ్చి, "ఆ రోజు వాళ్లను బయటికి పంపి అడగాల్సిందండి" అంది. ఆ మరిదీ ఇవ్వదగినవాడే. అతన్ని నేను అడగనేలేదు.

అప్పట్నుంచి ఒక్కొక్కరినీ తలుపు వేసి అడుగుతున్నాను. వద్దన్నవాళ్ల మాట బయటికి రానివ్వను. "వైద్యపరంగా కుదరదు" అని ఇంటివాళ్లకు నేనే చెబుతాను. మగవాళ్లలో ఎక్కువమంది నోరు విప్పేదీ ఆ గదిలోనే: "మళ్లీ ధాన్యం బస్తా ఎత్తగలనా సార్?" కొన్నాళ్లు బరువులొద్దు, ఆ తర్వాత ఎత్తొచ్చు, మిగిలిన కిడ్నీ కాస్త పెరిగి పని అందుకుంటుంది, ఏటా బీపీ, క్రియాటినిన్ మాత్రం చూపించుకోవాలి. ఈ మాటలకు పది నిమిషాలు చాలు. కిడ్నీ బ్రోకర్ దగ్గర ఆ పది నిమిషాలూ ఉండవు.

మొన్న ఒక తమ్ముడు అక్కకిచ్చాడు. పాలిపోయి ఉన్న కిడ్నీకి రక్తనాళాలు కలిపి క్లాంపు తీయగానే గులాబీరంగు తిరిగింది. కాసేపటికి మూత్రం చుక్క కట్టింది. సిస్టర్ టైము రాసుకుంది: పదకొండూ ఇరవై.