ఇల్లు నిలిస్తేనే మగ్గం నిలుస్తది
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మాది ఎనిమిదో తరగతి చదువు. సంఘం లెక్కలు రాయడమే తప్ప ఉపన్యాసాలు మాకు రావు. తప్పులుంటే మన్నించండి.

మా పెద్దలు తెలంగాణ వదిలి షోలాపూర్ వచ్చినప్పుడు చేతిలో పని ఉండె, తలమీద కప్పు లేకుండె. తూర్పు భాగంలో కిరాయి గదులల్ల మగ్గం పక్కనే వండుకున్నరు, మగ్గం పక్కనే పండుకున్నరు. నేతగానికి ఇల్లంటే నిద్రపోయే చోటు ఒక్కటే కాదు, అదే కార్ఖానా. గుంట మగ్గమైతే నేల తవ్వాలె. పడుగుకు జాగ కావాలె. కిరాయి ఇంట్లో నేల తవ్వనిస్తరా? పొద్దుందాక మగ్గం చప్పుడు ఓర్చుకుంటరా?

మా సంఘంలో జరిగిన సంగతి ఒకటి చెప్తం. వాల్ హ్యాంగింగ్ నేసే మంచి పనివాడు ఒకాయన ఉండె. ఇంటాయన కిరాయి పెంచిండు. ఇయ్యలేనంటే నెలలోగా ఖాళీ చేయమన్నడు. ఆయన మా దగ్గరికి వచ్చి, "సంఘం షెడ్డులో ఒక మూల ఇయ్యండి, మగ్గం పెట్టుకుంట" అన్నడు. మేము రూల్సు పుస్తకం తీసినం. తీర్మానం కావాలె, వచ్చే మీటింగులో చూద్దాం అన్నం. మీటింగు అయ్యేసరికి ఆయన మగ్గాన్ని కట్టెల ధరకు అమ్మేసిండు. ఇప్పుడు ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. కనబడితే నమస్తే పెడతడు. ఆ నమస్తే మాకు బరువు. తప్పు ఇంటాయనది ఎంతో మాది కూడా అంతే.

ఇండ్లు కావాలంటే మనవల్ల అయితదా అని అడుగుతరు. అయితది. షోలాపూర్ పక్కన కుంభారిలో బీడీలు చేసే ఆడవాళ్లకు గోదూతాయి పరుళేకర్ పేరు మీద 10,000 ఇండ్లు వచ్చినయి. 2006లో ఇచ్చినరు. అందులో మన తెలుగు ఆడబిడ్డలు ఎంతోమంది. తర్వాత అక్కడనే రే నగర్, 30,000 ఇండ్ల పథకం. 2019 జనవరిలో శంకుస్థాపన, 2024 జనవరి 19న 15,000 ఇండ్లు చేతికి. బీడీ, మరమగ్గం, చేనేత కార్మికులు, చిత్తు కాగితాలు ఏరేవాళ్లు ఒక్కటిగా కూడి అడిగితేనే ఇది అయింది. ఒక్కొక్కరు దరఖాస్తు పట్టుకొని తిరిగితే కాకపోవు.

ఇంటికి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష ఇస్తయి. మిగతాది సభ్యుడు కట్టుకోవాలె. ఆ మిగతాది కట్టలేనివాళ్లు మనలో ఉన్నరు. వాళ్లకు తక్కువ కిరాయి ఇండ్లు కావాలె. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో కిరాయి ఇండ్లకు కూడా వేరే భాగం ఉన్నది. మన సంఘాలల్ల ఎన్ని దాని గురించి అడిగినయి?

అందుకే సమాఖ్యకు మా మనవి మూడు. ప్రతి సంఘం కిరాయి ఇండ్లల్ల ఉన్న సభ్యుల పేర్లు రాయాలె. ఆ లెక్క పట్టుకొని అందరం కలిసి దరఖాస్తు పెట్టాలె. ఖాళీగా ఉన్న సంఘం షెడ్లు, జాగలు బిల్డర్లకు అమ్మొద్దు. అమ్మితే వచ్చిన పైసలు ఒక్కసారి పంచుకుంటం, మళ్లీ ఆ జాగ మనకు రాదు.

మేము మాట చెప్పి ఊరుకోలేదు. ఇల్లు పోయిన సభ్యుని మగ్గానికి మీటింగు దాకా ఆగకుండా షెడ్డులో చోటు ఇయ్యాలని తీర్మానం రాసుకున్నం. ఇప్పుడు అక్కడ నాలుగు మగ్గాలు ఆడుతున్నయి. ఐదోది ఉండాల్సింది. ఆలస్యం చేసి పోగొట్టుకున్నం.

మార్కండేయుని దయతో వచ్చే ఏడు మళ్లీ కలుద్దాం. ఎన్ని మగ్గాలు నిలబెట్టినమో అప్పుడు లెక్క చెప్పుకుందాం. సెలవు.