వీధికి వరుస సంఖ్య



నేను పండితుడను గాను. గ్రామలెక్కలు వ్రాయుచు, తీరిక వేళల మన గ్రంథాలయపు భారతము చదువుకొన్నవాడను. పొలమునకు సర్వే నంబరెట్టిదో ఇంటికి వీధిపేరట్టిది.

గుంటూరు బ్రాడీపేటను చూడుడు. ఒక దిక్కున సాగు వీధులు లైనులు. వానిని ఖండించునవి అడ్డరోడ్డులు. రెంటికిని వరుస సంఖ్యలు కలవు. ‘4/14’ అనిన నాల్గవ లైను, పదునాల్గవ అడ్డరోడ్డు కలియు చోటు. ఒకమారు అర్ధరాత్రమున రోగితో పోయి, ఎవ్వరిని అడుగకయే, సంఖ్యలు లెక్కించుకొనుచు వైద్యుని గడప చేరితిని.

పాత ఊరిలో చింతచెట్టు, రామాలయము దారి చెప్పును. క్రొత్త కాలనీలో వీధులన్నియు తిన్ననివే. కావుననే అన్నియు నొక్కతీరుగ నుండును. మొన్న ప్రసవవేదన పడుచున్న ఇల్లాలి కొరకు వచ్చిన నర్సు మూడు వీధులు తిరిగి, బిడ్డ పుట్టిన పిదప చేరినది. తల్లీబిడ్డలు క్షేమమే. కాని దైవమును ప్రతిసారియు పరీక్షింపరాదు.

పేర్లు గొప్పవారివి కానక్కరలేదు. వరుస తప్పకున్న చాలును. పుస్తకములకు సంఖ్యలు వేసి 25 ఏండ్లుగా మనకు వెదకు శ్రమ తప్పించిన ఈ గ్రంథాలయమే, వీధి మొగదలల పలకలు నాటుటకును పూనుకొనవలెనని నా మనవి.